పెంటవ్వ కొమ్ము కొలత

మా భర్మారు తుపాకి పేలితే మంజీర అవతల బిలోలిలో మరాఠీవాళ్లు పెండ్లి బాజా ఆపి, "రాజమల్లు తోటకొచ్చిండు, పొద్దుగూకింది" అనుకుంటారని నేను ఊరంతా చెప్పేవాణ్ణి. ఒకసారి ఆ చప్పుడుకు బెదిరిన పంది చెరుకుతోటలోంచి లేచి, ఉరికి ఉరికి బోధన్‌లో నాందేడ్ బస్సెక్కిందని, కండక్టర్ టికెట్ అడిగితే నా పేరు చెప్పి సీట్లో కూర్చుందని కూడా చెప్పాను. హోటల్ కాడ అందరూ నవ్వేవారు. సాయన్న ఒక్కడు మాత్రం నవ్వకుండా, "నిండు టికెటా, ఆఫ్ టికెటా అన్నా?" అని అడిగేవాడు.

ఇన్ని కోతల్లో కోత కానిది ఒకటుంది. మా తుపాకి ఎప్పుడు పేల్చినా ఒకటే చప్పుడు. ముసురు పట్టినా, మంచు కురిసినా, ఇంత ఎక్కువ లేదు, ఇంత తక్కువ లేదు. చెరుకు కాపలాకని మా నాయిన తెచ్చుకున్న లైసెన్సు తుపాకి అది. మూతిలోంచి మందు పోసి, బట్ట ఉండ పెట్టి, కర్ర కడ్డీతో కూరి, వెనుక నిప్పు రాజేసే టోపీ పెట్టి, దానిమీదికి గుర్రమనే సుత్తిని వదిలి పేల్చాలి. అట్లాంటివి నా చిన్నతనంలో చుట్టుపక్కల చాలానే ఉండేవి. ఒకరిది ఇయ్యాల పిడుగులా పడితే రేపు తుస్సుమనేది. మాది మాత్రం గడియారం. పేరు నాది, పని పెంటవ్వది.

పెంటవ్వ నా భార్య. మా ఇంట్లో మా అవ్వ, నన్ను కన్నతల్లి, పెట్టిన పద్ధతి ఒకటుంది. పేల్చేవాడు మందు కొలవకూడదు. వాడికి పెద్ద చప్పుడు కావాలని చెయ్యి గుంజుతుంది. ఆ గుంజుడు లేనివాళ్లే కొలవాలి అనేది. మేక కొమ్ము మొదలు కోసి, లోపల నున్నగా గీకి చేసిన గిద్దె లాంటిదొకటి ఆమె చేతిలోంచి పెంటవ్వ చేతిలోకి వచ్చింది. పెంటవ్వ పొయ్యి పూర్తిగా ఆరాక, నీడన బట్ట పరిచి కూర్చునేది. మందును కొమ్ములోకి ఒకే ఎత్తు నుంచి వదిలేది. తట్టేది కాదు, కుదిపేది కాదు, వేలు పెట్టి అదిమేది కాదు. కుప్పగా నిలిచిన తలను కోడి ఈకతో ఒక్కసారి అటు నుంచి ఇటు కోసేది. ఆ చదును కొలతను వెదురు గొట్టంలోకి వంపి, మూతికి పసుపులో ముంచి ఆరబెట్టిన గుడ్డ కుక్కేది. ఒక గొట్టం ఒక పేలుడుకు. తోటకు పోయేటప్పుడు నేను ఆ గొట్టాలే పట్టుకుపోయేవాణ్ణి.

ఆ ఏడు కార్తీకంలో ఆమె అట్లా కొలుస్తుంటే మా శ్రీధర్ పక్కన కూర్చున్నాడు. మాకున్నది వాడొక్కడే కొడుకు.

"జర తట్టవే అవ్వా. అణిగితే ఇంకింత పడ్తది" అన్నాడు.

"అందుకే తట్టొద్దు. ఇయ్యాల తట్టుడు యాదికుంటది, రేపు మర్సిపోత. ఒక్క కొమ్ముతోనే రెండు కొలతలైతయ్."

"అయితే ఏమైతది? పందికి తెలుస్తదా?"

"పందికి తెల్వది. మీ బాపు భుజానికి తెలుస్తది."

"ఆ ఈకతోని నిమిరినట్టు నన్నొక్కనాడన్న నిమిరిందారా మీ అవ్వ" అన్నాను నేను.

"కొమ్ము అబద్ధాలు సెప్పదు మరి" అంది పెంటవ్వ, తల ఎత్తకుండానే. వంటింట్లోంచి కోడలు సౌందర్య నవ్విన చప్పుడు వినబడింది. మా ఇంట్లో ఆ నవ్వు వినబడటం అదే ఆఖరని అప్పుడెవరికి తెలుసు.

బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక మా దిక్కు చెరుకు పెట్టేవాళ్లు తగ్గిపోయారు. అందరూ వరికి, మక్కకు మళ్లారు. మా తోట ఒక్కటే నడుమ పచ్చగా నిలబడితే, జిల్లాలో ఉన్న పందులన్నీ మాకు చుట్టాలయ్యాయి. సరిగ్గా అప్పుడే సర్పంచ్ ఎలక్షన్లు వచ్చాయి. ఎలక్షన్లు వస్తే లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్‌లో అప్పజెప్పాలి. ఓట్లకు పందులతో ఏం పని అని సాయన్న అడిగాడు గానీ, అది ప్రతిసారి ఉన్నదే. స్టేషన్ నుంచి ఫోన్ వచ్చిన రోజు నేను ఊర్లో లేను. రుద్రూర్‌లో మా బావ దినాలకు పోయాను. శ్రీధరే తీసుకుపోయి అప్పజెప్పి చీటి తెచ్చాడు.

తుపాకి లేని ఆ రోజుల్లో పందులు తోటను ఎట్లా చేశాయో చెప్పను. డబ్బాలు కొట్టాం, చీరలు కట్టాం. పెంటవ్వ తెల్లారి పోయి విరిగిన గడలు ఏరుకొచ్చి బర్రెలకు వేసేది.

ఎలక్షన్లు అయిపోయాయి. తుపాకి తీసుకపొమ్మని కబురొచ్చిన రోజు శ్రీధర్ మోటరు వైండింగ్‌కు నిజామాబాద్ పోయాడు. పందులు ఇంకొక్క రాత్రి తింటే ఎట్లా అని నేనే ఆటో ఎక్కి స్టేషన్‌కు పోయి తెచ్చుకున్నాను. తుపాకి ఉంది, కడ్డీ లేదు.

"కడ్డేది సారూ?" అంటే, "చీటిల తుపాకి ఒక్కటే ఉన్నది తాతా" అన్నాడు కానిస్టేబుల్.

ఆ కడ్డీ మీద మా నాయిన పెట్టిన గాటు ఉండేది. తుపాకి గొట్టం ఖాళీగా ఉంటే గాటు మూతి కాడికి దిగుతుంది. లోపల మందుంటే నాలుగు వేళ్లు పైనే ఆగుతుంది. అయినా మా ఇంట్లో దానితో చూసి తెలుసుకునే అవసరం పడలేదు. కూరిన తుపాకిని గడప దాటించకూడదు. పంది రాకపోయినా సరే, గట్టు మీద గాలిలోకి పేల్చేసి, ఉత్త తుపాకినే ఇంటికి తేవాలి. అదీ మా అవ్వ పెట్టిందే. ఇంట్లో ఉన్న తుపాకి ఖాళీదే అని నాకు నా పేరు తెలిసినంత గట్టిగా తెలుసు.

కొత్తగా ఒక వెదురు పుల్ల చెక్కుకున్నాను. దానికి గాటు లేదు. ఆ పొద్దుగూకే వేళ మంచె కాడ పెంటవ్వ గొట్టం విప్పి పోశాను, గుడ్డ పెట్టాను, పుల్లతో కూరాను. కొత్త పుల్ల గదా, ఎంత దిగాలో ఏం లెక్క. టోపీ పెట్టి, ఆకాశం దిక్కు ఎత్తి, బిలోలి బాజావాళ్లను తలుచుకుని గుర్రం వదిలాను.

ఈసారి చప్పుడు వేరే.

ఇంటి ముందర బర్రెను పిండుతున్న పెంటవ్వ ఆ చప్పుడు విని, పాలచెంబు అక్కడే పడేసి ఉరికొచ్చిందని తర్వాత సౌందర్య చెప్పింది. ఊరందరికీ అది తుపాకి చప్పుడే. తనది కాని చప్పుడని ఆమె ఒక్కదానికే తెలిసింది. ఆమె వచ్చేసరికి నేను గట్టు మీద కూర్చుని, నా ఎడమ చేతిని నా కుడి చేతితో పట్టుకుని ఉన్నాను. అందులో పట్టుకోవడానికి ఎక్కువ లేదు.

నిజామాబాద్ దవాఖానలో బొటనవేలు, దాని పక్కవేలు మిగిల్చారు. ఎడమ చెవి పోయింది. పెండ్లాం తిట్లు సగమే వినబడే వరం ఎవరికి దొరుకుతుందని నర్సుతో అంటే ఆమె నవ్వింది గానీ, మంచం పక్కన నిలబడ్డవాళ్లు నవ్వలేదు. శ్రీధర్ గోడకు ఆనుకుని, తలగుడ్డ చేతిలో నలుపుతూ నేల చూస్తున్నాడు.

పోలీసాయన వచ్చి రాసుకున్నాడు. లైసెన్సు ఎవరిది, పేల్చింది ఎవరు, మందు కొలిచింది ఎవరు.

"నేనే సారూ" అంది పెంటవ్వ.

"కొలత ఎట్ల ఎక్కువైంది మరి?"

ఆమె కొంగు సర్దుకుంది. శ్రీధర్ తల ఎత్తాడు. నోరు తెరిచాడు కూడా. ఆమె వాడి దిక్కు చూడకుండానే చెప్పింది.

"కండ్లు సరిగ కనవడ్తలేవు సారూ. చెయ్యి వణుకుతున్నది. తెల్వక ఎక్కువేసిన."

శ్రీధర్ నోరు మూసుకుంది. పోలీసాయన రాసుకుని పోయాడు.

ఆమె కండ్లు సూదిలో దారం ఎక్కించే కండ్లు. నాకు ఒక చెవి పోయింది గనుక తప్పుగా విన్నాననుకున్నాను.

ఇంటికి వచ్చాక శ్రీధర్ మాకు శ్రీధర్ కాకుండా పోయాడు. తినడు, పండడు. నా గుడ్డ మార్చేటప్పుడు ముఖం తిప్పుకుంటాడు. తోటలోకి పోయి చెరుకు నడుమ ఎక్కడో కూర్చుంటాడు. చీకటి పడ్డా రాకపోతే పెంటవ్వ పోయి సాలుసాలుకు నిలబడి పిలుచుకొచ్చేది. మోటరు రూంలో ఉండే పురుగులమందు డబ్బా తెచ్చి వడ్ల గుమ్మిలో అడుగున దాచింది. ఎందుకే అంటే, ఎలుకలు ఒలకబోస్తున్నాయంది. ఎలుకలు మూత విప్పడం నేర్చుకున్నాయా అని నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఊరుకున్నాను.

ఒకనాడు పొద్దున నడవడం అలవాటు చేసుకుందామని మంచె దాకా పోయాను. ఎండాకు కప్పులో మా పాత కడ్డీ దోపి ఉంది. నాయిన గాటు నన్ను చూసి గుర్తుపట్టినట్టే అనిపించింది. మంచె కింద మట్టిలో ఒక వెదురు గొట్టం, దాని పక్కన పసుపు గుడ్డ. గొట్టం ఖాళీ. ఇంకొంచెం వెతికితే సీసం గుండ్రవ్వలు కట్టిన చిన్న గుడ్డసంచి, సగం ఖాళీది, దొరికింది.

వాటిని ముందర వరసగా పెట్టుకున్నాను. అంతా అర్థమైంది. నేను రుద్రూర్‌లో ఉన్న ఆ సాయంత్రం వాడు పందిని కొట్టాలనే రవ్వలతో సహా కూరి కూర్చున్నాడు. పంది రాలేదు. స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. గాలిలోకి పేల్చే సంగతి మరిచి, ఉన్నపళంగా బండెక్కి తీసుకుపోయాడు. కడ్డీ ఇక్కడే మరిచాడు. లోపల మందుందని అక్కడ చెబితే ఏం కేసు పెడతారో అని నోరు మెదపలేదు, ఇంటికొచ్చాక మాకు చెప్పడమూ మరిచాడు. దానిమీద నేను ఇంకో కొమ్ము పోసి, ఇంకో ఉండ కూరాను. పెంటవ్వ కొలత తప్పలేదు. రెండుసార్లూ సరిగ్గానే ఉంది.

కడ్డీ చేతబట్టి, మిగతావి పంచె కొంగులో కట్టుకుని ఇంటికొచ్చాను. పెంటవ్వ కొట్టంలో పేడ ఎత్తుతోంది. ఆమె ముందర కొంగు విప్పాను. ఆమె గంప దింపి, గొట్టాన్ని చూసి, నా దిక్కు చూసింది.

"నాకెర్కే" అంది.

"ఎప్పటి సంది?"

"గొట్టాలల్ల ఒకటి తక్కువైందని ఆ మరునాడే సూసిన. పేలిన చప్పుడు ఇనవడలే. తడిపి పారేసిండనుకున్న. అడిగితే సిన్నబోతడని అడగలె." ఆమె చేతుల మీది పేడ గోడకు రాసింది. "ఆనాడు నువ్వు తోటకు పోయినంక ఫోన్ల వాని కాల్స్ మస్తున్నయ్. నేను బర్రె కాడున్న. ఫోన్ మంచం మీదున్నది. నిజామాబాద్ల బస్సెక్కంగ యాదికొచ్చినట్టుంది వానికి. నీకు సెప్పాలనే చేసిండు."

"మరి దవాఖానల గట్ల ఎందుకన్నవే? ఊరంత పెంటవ్వ కొలత తప్పిందనే అంటుండ్రు."

"అననియ్."

"నేనిప్పుడే పోయి వానికి చెప్త. తెలిసే చెయ్యలేదు గదా. నాకేం కోపం లేదురా అని..."

ఆమె నా మిగిలిన చేతిని గట్టిగా పట్టుకుంది.

"నీకు తెలుసని వానికి తెలిస్తే, వాడు ఉంటడనుకుంటున్నవా? మూడుసార్లు గుమ్మి కాడ దొరికిండు నాకు. డబ్బ యాడవెట్టినవే అవ్వా, చేనుకు కొట్టాలె అంటడు. ఈ కాలంల ఏ చేనుకు కొడతడు?" పేడ గంప పక్కకు జరిపింది. "వాడు గూడ నమ్మాలె. నా చెయ్యే తప్పిందని వాడు నమ్మాలె. నా కొలత గూడ ఎక్కువయే ఉంటదని ఒక్క అనుమానం పుట్టినా వాడు బతుకుతడు."

"ఎట్ల నమ్ముతడు? నీ చెయ్యి సంగతి వానికి తెల్వదా?"

"నమ్మిస్త" అంది. వంటింట్లోకి పోయి కడ్డీని పొయ్యిలో పెట్టింది. గొట్టాన్నీ పెట్టింది. "నువ్వు గూడ పులి కథలు చెప్పకు. ఎవరడిగినా నా చెయ్యే తప్పిందని చెప్పు."

నేను అప్పటిదాకా హోటల్ కాడ, మహారాష్ట్ర నుంచి పులి వచ్చిందని, దాని నోట్లో చెయ్యి పెట్టి నాలుక పట్టుకున్నానని, మర్యాదస్థురాలు కాబట్టి రెండు వేళ్లు వదిలిపెట్టిందని చెబుతున్నాను. మర్నాడు సాయన్న అడిగితే, "మా పెంటవ్వ కండ్లు పోయినయ్ రా, మందు ఎక్కువేసింది" అన్నాను. సాయన్న టికెట్ గురించి అడగలేదు. ఛాయ్ గ్లాసు పక్కన పెట్టి, "అట్లనా అన్నా" అన్నాడు. నా బతుకంతా చెప్పిన అబద్ధాల్లో ఊరు నమ్మింది ఇదొక్కటే.

ఆ వారం నుంచి కూరలో ఉప్పు ఎక్కువ పడటం మొదలైంది.

మొదట పప్పులో. తర్వాత వంకాయలో. సౌందర్య ముద్ద నోట్లో పెట్టుకుని అత్త దిక్కు చూసి మింగేది. "అత్తమ్మా, రేపటి సంది నేనేస్త తియ్యి" అంటే, "నాకు రాదానే, నీ పెండ్లికి ముందుగాల ఎవరేసిండ్రు?" అని పెంటవ్వ కసురుకునేది. బియ్యం కడిగి ఎసరు తక్కువ పోసేది. పాలవాడికి కొలిచేటప్పుడు సోల నిండా పోసి ఇంకింత ఒలకబోసేది. కొమ్ములో తల కోసిన చెయ్యి, పాలసోల అంచు దాటించేది. చూసిన వాళ్లు చప్పరించేవారు. పాపం అనేవారు.

నా గిన్నెలో మాత్రం ఉప్పు సరిగ్గా ఉండేది. ఒకరోజు వంటింటి గడప కాడ కూర్చుని చూశాను. కూర దించగానే నాకు కావలసినంత ఒక గిన్నెలోకి తీసి మూతపెట్టింది. ఆ తర్వాత పిడికెడు ఉప్పు తీసుకుని, ఒక్క క్షణం ఆగి, కండ్లు మూసుకుని మిగిలిన దాంట్లో వేసింది. ఆమె చెయ్యి ఉప్పును వదలడానికి ఇష్టపడలేదు. వేళ్లు ఒక్కొక్కటే విప్పవలసి వచ్చింది.

శ్రీధర్ తిన్నాడు. కొన్ని రోజులు ఏమీ అనకుండా తిన్నాడు. తర్వాత అమ్మ దిక్కు చూడటం మొదలుపెట్టాడు. ఆమె పొయ్యి ముందర చేతులతో తడుముకుంటుంటే చూసేవాడు. అప్పుడప్పుడు పండుతున్నాడని, రాత్రి లేవడం లేదని సౌందర్య చెప్పింది. "బాపు, అవ్వను కండ్ల డాక్టర్‌కు చూపిద్దాం" అని ఒకరోజు వాడే అన్నాడు. నేను సరే అన్నాను.

చెరుకు కొట్టుడు మొదలైన రోజు. పందులు మిగిల్చిన గడలు లారీ సగానికి కూడా రాలేదు. కొట్టేవాళ్లు పోయాక మేము నలుగురం గట్టు మీద సద్ది విప్పాం. పెంటవ్వ పచ్చిపులుసు పోసింది. శ్రీధర్ ఒక గుటక తాగి గిన్నె నేలకేసి కొట్టాడు.

"మొత్తం ఉప్పే. ఇది మనుషులు తినేదేనా?" అన్నాడు. "నీ చెయ్యి నమ్ముకునే బాపు చెయ్యి పోయింది. ఇంక ఎవరిని చంపుతవే?"

సౌందర్య, "ఏందది" అంది మెల్లగా. గాలికి ఎండాకులు గలగలమన్నాయి.

పెంటవ్వ ఒలికిన గిన్నె తీసి బోర్లించింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. కొంగు తీశాక చూస్తే ఆమె ముఖం, దవాఖాన నుంచి వచ్చినప్పటి సంది నేను చూడనంత తేలికగా ఉంది.

"నిజమే బిడ్డా. నాకు శాతనైతలేదు" అంది. "రేపటి సంది సౌందర్యనే వండుతది."

వాడు లేచి పోయి, చాలాసేపటికి తిరిగి వచ్చి, గడలు కట్టలు కట్టడం మొదలుపెట్టాడు. ఆ రాత్రి పెంటవ్వ గుమ్మిలోంచి డబ్బా తీసి మోటరు రూంలో మామూలుగా ఉండేచోటే పెట్టింది.

ఇప్పుడు వాడు తింటున్నాడు, పండుతున్నాడు. తోట దున్ని వరి నాటేశాడు. అమ్మతో పెద్దగా మాట్లాడడు. మాట్లాడితే, చెవిటిదానితో మాట్లాడినట్టు గట్టిగా మాట్లాడతాడు.

మొన్న సౌందర్య, శ్రీధర్ ధర్పల్లికి పెండ్లికి పోయారు. ఇంట్లో మేమిద్దరమే. పెంటవ్వ చాన్నాళ్లకు పొయ్యి ముందర కూర్చుంది. పెసరపప్పు వండింది. ఎవరి కోసం నటించే పని లేదు. నేను గడప కాడ కూర్చుని చూస్తూనే ఉన్నాను. ఆమె ఉప్పు తీసుకుని, చెయ్యి పప్పు మీద పెట్టి, ఆగింది. కొంచెం వెనక్కి వేసింది. మళ్లీ తీసుకుంది. కండ్లు తెరిచే ఉన్నాయి. వేళ్లు మాత్రం ఎంత వదలాలో అడుగుతున్నట్టు ఉన్నాయి. చివరికి వేసింది.

నా ముందర గిన్నె పెట్టి నిలబడింది. ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను. పప్పంతా ఉప్పే.

"సరిపోయిందా?" అంది.

మిగిలిన రెండు వేళ్లతో గిన్నె గట్టిగా పట్టుకున్నాను.

"సరిపోయింది" అన్నాను.